ఫైలులో లేని మాట

జూలై 8, 1996. సోమవారం. ఆత్మకూరు.

జూన్ ఆఖరి శనివారం ఉదయం ఏం జరిగిందో రాసి చూసుకోవాలి. ఏమీ జరగలేదు. అందుకే రాస్తున్నాను.

ఉదయగిరిలో ఇంట్లో ఉన్నాను. వారమంతా ఇక్కడ ఆస్పత్రి క్వార్టర్సులో, శుక్రవారం సాయంత్రం బస్సుకి అక్కడికి. తెల్లవారకముందే మెలకువ వచ్చింది. దుర్గం కొండ మీద మబ్బు దిగి ఉంది, వాన మాత్రం లేదు. కొళాయి వచ్చింది. తమ్ముడి భార్య సారా, నేను బిందెలు పట్టాం. ఆఖరి బిందె సగంలో ఉండగా నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. పక్కింట్లో మస్తాన్‌బీ అప్పటికే చెక్క గరిటెలకు గరుకు కాగితం పడుతోంది. గోడ అవతలి నుంచి అడిగింది.

"సారమ్మా, నీళ్లు నిలిచిపోయినాయా?"

"నిలిచిపోయినాయి. నువ్వు చెక్క రుద్దుకో."

తమ్ముడు సైమన్ వరండాలో గడ్డం గీసుకుంటూ పదో తరగతి పిల్లల రాతను తిట్టుకుంటున్నాడు. టీచరయ్యాక వాడికి గడ్డం, తిట్టు కలిసే సాగుతాయి. వాళ్ల అబ్బాయి హెన్రీ బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా అయినప్పటి నుంచి మా హెన్రీకి చెప్పులు పనికిరావడం లేదు. సారా పులిబొంగరాల పెనం దించింది. నలుగురం చాప మీద కూర్చున్నాం. సైమన్ వాక్యం చదివాడు. మోకాళ్లూనాం.

నాయన పోయినప్పటి నుంచి ఇంట్లో ప్రార్థన నాదే. పేరు పెట్టి చేయని ప్రార్థన ఉపన్యాసంతో సమానమని నాయన అనేవాడు. ఆయన నేర్పినట్టే ఒక్కొక్కరిని పేరు పెట్టి, ఒక్కొక్కరి అక్కర చెప్పి ప్రార్థించాను. ఆఫీసుకి ఆలస్యమవుతోందని హెన్రీ ఒకసారి కదిలాడు. ఆమెన్ అన్నాం. తిన్నాం. ఉల్లిగడ్డ కొంచెం మాడింది.

అంతే. తర్వాత బట్టలు ఉతికాను, సాయంత్రం గుడి ఊడ్వడానికి వెళ్లాను. ఆస్పత్రి సంగతి ఒక్కటీ నా నోట రాలేదు. ఎప్పుడూ రాదు.

మరి మొన్న శనివారం సారా ఎలా అడిగింది?

బుధవారం మా గుడి పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి హెన్రీకి సంబంధం చెప్పి వెళ్లారట. ఆత్మకూరు, సామ్యేలు గారమ్మాయి ఏంజెలిన్. ఆయన ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరయ్యాడు. అమ్మాయి బడిలో టీచరు. క్రిస్మస్ కూటాల్లో హెన్రీ ఆమెను చూశాడట. వాడు సరే అన్నాడు, చెవులు ఎర్రబడ్డాయని సైమన్ చెప్పాడు.

వంటింట్లో సారా నా పక్కకు జరిగి గొంతు తగ్గించింది.

"వదినా, ఆ పిల్ల నీ దగ్గరికి వస్తా ఉండాది కదా?"

"నా దగ్గరికి ఎవరొస్తారో నేను చెప్పను, సారా."

"చెప్పొద్దులే. తల ఊపు."

ఊపలేదు.

ఎవరు చెప్పారని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే వస్తోందని ఒప్పుకున్నట్టే. అడగలేదు.

ఆ అమ్మాయి ఎందుకు వస్తోందో ఇందులో కూడా రాయను. డైరీ నాదే. సంగతి నాది కాదు.


జూలై 9. మంగళవారం.

బీరువా చూశాను. తాళం సరిగానే ఉంది. తాళంచెవి నా నడుముకే ఉంటుంది, స్నానానికి వెళ్లినా.

పేర్ల పుస్తకం పై అరలో, ఫైళ్లు కింది అరలో. ఫైలు మీద నెంబరు మాత్రమే. లోపల తేదీ, వచ్చారా లేదా, ఏం చేద్దామనుకున్నాం, మళ్లీ ఎప్పుడు. ఇంకేమీ ఉండదు. ఎవరు ఎవరిని తిట్టారు, ఎవరు ఎక్కడ ఏడ్చారు, ఉండదు. కౌన్సిలింగు శిక్షణకి నర్సు పని నుంచి నన్ను రాయవేలూరు పంపినప్పుడు అక్కడి మేడమ్ చెప్పింది: ఆ మనిషి నీ పక్కన నిలబడి చదువుతున్నట్టు రాయి. మిగతా అందరూ నోట్సు పేజీలు పేజీలు రాసేవాళ్లు. నేను మూడు లైన్లు. మేడమ్ నా కాగితం ఎత్తి అందరికీ చూపించింది.

పోయిన ఏడాది ఒక వకీలు మొగుడూ పెళ్లాల కేసులో ఫైలు కావాలని కోర్టు కాగితంతో వచ్చాడు. డాక్టరుగారు ఇవ్వమంటే ఇచ్చాను. రెండు పక్కలా తిప్పి చూశాడు.

"ఇదేందమ్మా, పాలచీటీ మాదిరి ఉండాది" అన్నాడు.

ఆ మాట నాకు బిరుదు.

నా వైపు నుంచి మాట పోలేదు. నాకు తెలుసు.


జూలై 10. బుధవారం.

నా గది ఊడ్చేది, తలుపు దగ్గర కూర్చునేది ఓబమ్మ ఒక్కతే. అడిగాను. మెల్లగానే అడిగాను.

"ఎవరెవరు వస్తారో బయట ఎక్కడైనా అన్నావా, ఓబమ్మా?"

ఓబమ్మ చీపురు గోడకు ఆనించింది.

"నేను వచ్చినోళ్ల మొహాలే చూడను సిస్టరమ్మా. వాళ్ల చెప్పులు ఎత్తి లోపల పెడతా, వరండాలో పోయేవాళ్లు గుర్తుపడతారని. అది కూడా మీరు చెప్పలేదు, నాకే తోచింది."

"అడిగాను, అంతే."

"అడిగినారు. అడిగినారు కదా, సరిపోయింది."

బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం టీ రాలేదు.


జూలై 11. గురువారం.

ఓబమ్మ పనికి రాలేదు. గది నేనే ఊడ్చుకున్నాను.


జూలై 13. శనివారం. ఉదయగిరి.

భోజనాలయ్యాక ముగ్గురూ కలిసి కూర్చున్నారు. నన్ను కూర్చోబెట్టారు అనాలి.

సైమన్ మొదలుపెట్టాడు. "పెద్దక్కా, నీ పని మాకు తెలుసు. నీ నియమం తెలుసు. నీ దగ్గరికి వచ్చేవాళ్ల గురించి మేం ఎప్పుడన్నా అడిగినామా?"

"లేదు."

"ఇది హెన్రీ జీవితం. అందుకని ఒక్క మాట. ఈ పిల్లను తెచ్చుకోవచ్చా, కూడదా?"

"నేను చెప్పను. ఎవరి గురించీ చెప్పను."

సారా ఒళ్లో ఉన్న పళ్లెం కింద పెట్టింది. "ఎవరి గురించీ చెప్పవా? మొన్న ఎండాకాలంలో కలిగిరి సంబంధం వచ్చిందే. ఆ పిల్ల గురించి అడిగితే మంచిపిల్ల సారా, కళ్లు మూసుకుని చేసుకోండి అని అప్పుడే చెప్పినావు. వాళ్లు జాతకాలు కలవలేదని తప్పుకుంటే, మీకు జాతకాలేందని మస్తాన్‌బీ నవ్వింది కూడా. ఇప్పుడేమో నోరు కట్టేసుకున్నావు. ఆ పిల్లకు నోరుండి ఈ పిల్లకు లేకపోతే ఏమనుకోవాల?"

నిజమే. కలిగిరి అమ్మాయిని నేను ఎప్పుడూ గదిలో చూడలేదు కాబట్టి చెప్పాను. చెప్పకూడదు. అప్పుడు చెప్పి ఇప్పుడు ఊరుకుంటే ఊరుకోవడమే చాడీ అవుతుంది. ఇది రాయవేలూరులో ఎవరూ చెప్పలేదు.

"కలిగిరి పిల్ల గురించి చెప్పింది నా పొరపాటు. ఇకమీదట బాగున్న పిల్ల గురించి కూడా చెప్పను" అన్నాను.

"అంటే ఈ పిల్ల బాగలేదా?"

"సారా."

"రాత్రిళ్లు నిద్ర లేని పిల్లంట, వదినా. నిద్రపట్టని మనిషి ఏమవుతాదో నాకు తెలుసు. మా మేనత్తను కడపకు తీసకపోయి ఎన్ని ఆస్పత్రులు తిప్పినారో నేను చూసినాను. నాకు ఒక్కడే కొడుకు."

హెన్రీ అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. "మా అత్త చెప్పదు అని తెలిసి ఎందుకు అడగతారు అమ్మా? వదిలేయండి."

"నువ్వు ఊరుకో రా. పిల్లను చూసి పాట మర్చిపోయినోడివి."

కూటాల్లో వాడు పాడుతూ రెండో చరణం మర్చిపోయాడట. నవ్వారు. నేను నవ్వలేదు. నిద్ర అనే మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాట ఫైల్లో లేదు. నేను రాయలేదు. మరెక్కడిది?


జూలై 14. ఆదివారం.

ఆరాధన బాగా జరిగింది. సంబంధం సంగతి ఎవరూ ఎత్తలేదు. సారా నాతో కూర గురించే మాట్లాడింది.


జూలై 17. బుధవారం. ఆత్మకూరు.

బడి వదలగానే ఏంజెలిన్ వచ్చింది. ఈరోజు ఆమె రావలసిన రోజు కాదు. చెప్పులు బయటే వదిలి తలుపు మూసింది. కూర్చోలేదు.

"మా అయ్యగారి భార్య నిన్న ఇంటికొచ్చింది, సిస్టరమ్మా. మంచినీళ్లు తాగి, రాత్రిళ్లు నిద్ర పడతా ఉండాదా అమ్మా అని అడిగింది. మా నాయన ముందర."

ఉదయగిరి అయ్యగారి భార్యకీ ఆత్మకూరు అయ్యగారి భార్యకీ వరస కలుస్తుంది. సారా అక్కడ అడిగి ఉంటుంది, మాట అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది.

"నాయనకు తెలీదు, నేను మీ దగ్గరికి వస్తున్నట్టు. పెళ్లివాళ్లు వెనక్కి తగ్గుతారేమో అని ఆయన రాత్రంతా వాకిట్లో తిరగతానే ఉన్నాడు. నిద్ర సంగతి నేను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ సమాధి దగ్గర కూడా చెప్పుకోలేదు. మీరు చెప్పినారా?"

"లేదు."

"అయితే కాగితం చెప్పిందా?"

ఇలా అడిగితే ఫైలు చూపించకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. మనిషిని గురించి రాసినది ఆ మనిషే చూడకూడనిదైతే రాయనే కూడదు. బీరువా తీసి నలభై ఒకటో నెంబరు ఆమె ముందు పెట్టాను.

నిలబడే చదివింది. ఫిబ్రవరి ఆరు: వచ్చారు, మాట్లాడారు, మళ్లీ రావడానికి ఒప్పుకున్నారు. ఫిబ్రవరి ఇరవై: వచ్చారు, అనుకున్న రెండు పనుల్లో ఒకటి చేశారు. అలా జూలై దాకా. కాగితం తిప్పింది. వెనక ఏమీ లేదు.

"ఇంతేనా?"

"ఇంతే."

"మొదటి రోజు మీ బల్ల మీద గుడ్డ తడిచేదాకా ఏడ్చినాను. ఇక్కడ మాట్లాడారు అని ఉండాదే."

"ఏడుపు నీది. కాగితానికి ఎందుకు?"

అప్పుడు కూర్చుంది. కొంచెం నవ్వింది కూడా. మళ్లీ ముఖం బిగుసుకుంది.

"ఈ కాగితంలో నిద్ర అనే మాట లేదు."

"లేదు. అందుకే నా దగ్గర నుంచి పోలేదని చెప్పగలను."

"మరి ఎవరు చెప్పినారో కనుక్కోండి."

"కనుక్కోవాలంటే నువ్వు వస్తున్నావని నేను ముందు ఒప్పుకోవాల. అది నేను చేయను."

ఫైలు మూసి నా వైపు జరిపింది. "నేను వస్తున్నానని చెప్పండి. ఎందుకనేది వద్దు. వస్తున్నానని మాత్రం. నేనే చెప్పమన్నానని చెప్పండి." లేచి తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఈ సంబంధం నాకు కావాల, సిస్టరమ్మా. ఆయన పాట మర్చిపోయి నవ్వినాడే, అప్పుడే అనుకున్నాను. ఇది పోతే నిద్రలేని పిల్ల అనే పేరు ఈ చుట్టుపక్కల గుళ్లన్నీ తిరుగుతాది. తర్వాత ఎవరొస్తారు?"

శనివారం కనుక్కుంటానని మాటిచ్చాను. ఎవరైనా సరే, ఆమె ముందు నిలబెడతానన్నాను.


జూలై 18. గురువారం.

ఓబమ్మ వచ్చింది. మాట్లాడటం లేదు. తడిగుడ్డ పెట్టేటప్పుడు నా కాళ్లు ఎత్తమని కూడా అనలేదు, చుట్టూ తుడిచి వెళ్లింది.

ఆమే అయి ఉంటుందని ఇంకా అనుకుంటున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.


జూలై 20. శనివారం. ఉదయగిరి.

సారా పెరట్లో గోంగూర ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఏంజెలిన్ నా దగ్గరికి వస్తా ఉంది. ఆ మాట చెప్పమని తనే చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్పు. నీకు ఎవరు చెప్పినారు?"

సారా చేతిలో ఆకు అలాగే ఉంది.

"ఎవరు చెప్పినారా? బాగుండాదే."

"ఓబమ్మా?"

"ఓబమ్మ ఎవరు? నువ్వే కదా వదినా."

"నేనా?"

"అయ్యగారు సంబంధం తేకముందు, ఆ శనివారం పొద్దున. మోకాళ్ల మీద. ప్రభువా, ఆత్మకూరు ఏంజెలిన్‌కు రాత్రిళ్లు నిద్ర దయచేయి అన్నావు. నేను ఆమెన్ కూడా అన్నాను."

గుర్తొచ్చింది. అన్నాను. ఆ మాటలే అన్నాను.

"నీకు తెలీదా?" సారాకి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. "ఎప్పుడూ అంటానే ఉంటావు. ఫలానా ఆమె మొగుడికి తాగుడు మాన్పించు, ఫలానా పిల్లకు భయం తీసేయి. ఆత్మకూరులో సగం ఇళ్ల కష్టాలు నాకు అట్లనే తెలుసు. ఎవరికన్నా చెప్పినానా? నా కొడుకు పెళ్లి కాబట్టి ఒక్కసారి అయ్యగారి ఇంట్లో అమ్మగారిని అడిగినాను."

"చెప్పావు."

"అడిగినాను. చెప్పడం వేరే, అడగడం వేరే."

"రెండూ ఒకటే సారా."

"అట్లయితే నీకు మాత్రం దేవుడికి చెప్పేది వేరే, మాకు చెప్పేది వేరేనా? నువ్వు చెప్తా ఉంటే మేం చెవులు మూసుకుని మోకాళ్లూనాల్నా?"

గోంగూర నేను కూడా కొంత ఏరాను.

ఫైల్లో ఒక్క అక్షరం రాయనిదాన్ని. ఆ పక్కనే, కళ్లు మూసుకుని, పేరూ ఊరూ అక్కరా వరసగా పైకే చెప్పేశాను. కళ్లు మూసుకుంటే గదిలో ఎవరూ లేరనే అనుకున్నాను. నాయన కాలంలో ఆ పేర్లు రోగులవి, పరీక్ష రాసే పిల్లలవి. ఎవరు విన్నా ఫరవాలేదు. నా గదిలో పేర్లు అలాంటివి కావు. నాయన నేర్పినది నేను తప్పు చోట వాడాను.

దీన్ని ఇంతకంటే పెంచి రాయను. ఏం చేయాలో తెలుసు.


జూలై 21. ఆదివారం.

పొద్దున ప్రార్థన చేయమన్నారు. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది. సైమన్ చేశాడు, తొందరగా అయిపోయింది. హెన్రీ ఆశ్చర్యపోయాడు.


జూలై 23. మంగళవారం. ఆత్మకూరు.

ఇది ఆమె రోజు. వచ్చి కూర్చుంది. నేను ముందే చెప్పేశాను.

"కనుక్కున్నాను. నేనే."

"ఏంది?"

"మా ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు నీ పేరు పెట్టి, నిద్ర దయచేయమని అడిగినాను. మా సారా విన్నది."

బయట ఓబమ్మ దగ్గింది.

"దేవుడికి నా ఇంటిపేరు కూడా చెప్పినారా సిస్టరమ్మా?"

"ఆత్మకూరు ఏంజెలిన్ అన్నాను."

"ఆత్మకూరు ఎందుకు?"

"ఉదయగిరిలో మా వీధిలోనే ఇంకో ఏంజెలిన్ ఉంది."

"దేవుడు తికమకపడి ఆ పిల్లకు నిద్ర ఇచ్చేస్తాడనా?" గట్టిగానే నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఆయనకు అడ్రస్ కావాల్నా? నా మంచం కాడ ఉన్నాడని మీరే కదా చెప్పినారు."

"చెప్పినాను."

"కోపంగా ఉండాది నాకు."

"ఉండాలి."

"కానీ విచిత్రం చెప్పనా? మా అమ్మ పోయినప్పటి నుంచి ఎవరూ నా కోసం ప్రార్థన చేయడం లేదనుకుంటా ఉన్నాను."

ఆ మాటకి నేను కరిగిపోకూడదు. కరిగితే తప్పు చిన్నదైపోతుంది. అందుకని పని మాట చెప్పాను. "సంబంధం కుదిరినా కుదరకపోయినా ఇకమీదట నేను నిన్ను ఈ గదిలో చూడకూడదు. మాట నా వల్ల బయటికి పోయింది. డాక్టరుగారు వారానికి ఒకసారి చూస్తారు. నీ ఫైలు ఆమె దగ్గర ఉంటాది. నేను తెరవను."

"నేను కూడా అదే అడగాలనుకున్నాను. మీ ఇంటికి కోడలుగా వస్తే, అన్నం వడ్డించేటప్పుడు ఈమెకు నా సంగతంతా తెలుసు అనే చూపు నేను మోయలేను. అప్పుడు మీరు నాకు అత్త. అత్త మాత్రమే."

"అత్త మాత్రమే."

"నా సంగతి మీ వాళ్లకు మీరు చెప్పొద్దు. నన్ను వెనకేసుకొని కూడా రావొద్దు. శనివారం నాయనతో నేనే వస్తాను. నాయనకు ముందు చెప్తాను."

ఆమె వెళ్లాక ఫైల్లో రాశాను. ఆ ఫైల్లో అదే పొడుగాటి రాత: వచ్చారు. ఆమె నాతో చెప్పుకున్న ఒక సంగతి మా కుటుంబ ప్రార్థనలో నా నోటి ద్వారా బయటికి వెళ్లింది. తప్పు నాది. ఆమెకు చెప్పాను. బంధుత్వం కలిసే అవకాశం ఉంది. ఇకమీదట ఈమెను నేను చూడను.


జూలై 24. బుధవారం.

డాక్టరుగారు చదివి కళ్లజోడు తీసింది.

"ఇది రాయాల్నా రాహేలమ్మా? రాయకపోతే ఎవరికీ తెలీదు."

"ఆమెకు తెలుసు."

"నీ పేరు పోతుంది."

"ఆమె పేరు ఇంకా పోకుండా ఉంటే చాలు."

కవరులో పెట్టి అంటించి తన బీరువాలో పెట్టుకుంది. ఇంకా ఎవరి పేర్లు అలా బయటికి వెళ్లాయో ఆలోచించమంది. ఆలోచించాను. వాళ్లందరికీ ఒక్కొక్కరికి చెప్తాను, వాళ్లు వచ్చిన రోజున. కొందరు మళ్లీ రారు. అది వాళ్ల హక్కు.

సాయంత్రం ఓబమ్మని పిలిచాను. నేను నిన్ను అనుమానించాను, అది నేను చేసిన పని, నువ్వు కాదు అని చెప్పాను.

"నేను కాదని నాకు ముందే తెలుసు" అంది. చీపురు మూలన పెట్టి, "మాట్లాడకపోతే గది ఊడ్చినట్టే లేదు సిస్టరమ్మా. టీ తెచ్చేదా?"

తెచ్చింది. చల్లారిపోయి ఉంది. తాగాను.


జూలై 27. శనివారం. ఉదయగిరి.

తండ్రీ కూతుళ్లు మధ్యాహ్నం బస్సు దిగారు. సామ్యేలు గారు కుర్చీలో కూర్చోకముందే, "ఆ డ్రైవరు బ్రేకు మీద నిలబడే వచ్చినాడమ్మా, నా మోకాళ్లు నొప్పి పుట్టినాయి" అన్నాడు. సైమన్ నవ్వాడు. అక్కడ కొంచెం తేలికైంది. సారా టీ ఇచ్చింది, మురుకులు పెట్టింది, ఆ అమ్మాయి ముఖం చూడకుండా.

ఏంజెలిన్ గ్లాసు కింద పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నేను ఫిబ్రవరి నుంచి ఆస్పత్రిలో సిస్టరమ్మ దగ్గరికి పోతా ఉన్నాను. నిద్ర పట్టేది కాదు. ఎందుకనేది నాకు తెలుసు, మా నాయనకు మొన్న చెప్పినాను. అది రోగం కాదు, వంశంలో వచ్చేది కాదు. ఆ మాట మీరు ఎవరినో కాదు, డాక్టరుగారినే అడగొచ్చు, నేనే చెప్పమన్నాను. ఎందుకనేది మాత్రం అందరికీ చెప్పను. చేసుకునే ఆయనకు చెప్తాను, ఆయన అడిగితే. ఈ రోజు కాదు."

సారా మొదటిసారి ఆమె వైపు చూసింది. నేను నేల చూశాను. ఒక మాట, ఒక చిన్న తల ఊపు చాలు, ఆ అమ్మాయికి నా సాక్ష్యం దొరికేది. ఆమె వద్దంది. ఇవ్వలేదు.

హెన్రీ గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు పడతా ఉండాదా?"

"ఏంది?"

"నిద్ర."

"పడతా ఉండాది."

"బస్సులో నా భుజం మీదనే పడుకున్నిందయ్యా" అన్నాడు సామ్యేలు. "ఆ బ్రేకులకు కూడా లేవలేదు."

హెన్రీ చెవులు ఎర్రబడ్డాయి. సైమన్ చెప్పింది నిజమే.

అయిదు గంటల బస్సుకి వాళ్లు వెళ్లిపోయారు. హెన్రీ స్టాండుదాకా వెళ్లి వచ్చాడు. దీపాలు పెట్టాక నలుగురం కూర్చున్నాం.

"పెద్దక్కా, ఇక నీ మాట" అన్నాడు సైమన్.

"నా మాట లేదు. ఈ విషయంలో నన్ను లెక్క వేయొద్దు."

"నాయన పోయినాక నువ్వు చెప్పకుండా ఈ ఇంట్లో ఏదీ కాలేదు."

"ఇది అవుతాది. సారా చెప్తాది."

సారా కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది. "నాకు భయం పోలేదు. అబద్ధం ఎందుకు. డాక్టరమ్మను సోమవారం పోయి అడుగుతాను, ఆ పిల్లే అడగమనింది కాబట్టి. కానీ ఒకటి ఉండాది. ఆ పిల్ల అడక్కుండానే బస్సెక్కి వచ్చి చెప్పింది. మన ఇంట్లో అడిగినా చెప్పరు."

అందరూ నా వైపు చూసి నవ్వారు. నేను కూడా.

నిర్ణయమైనవి ఇవి. సారా డాక్టరుగారిని చూసి వస్తుంది. ఆమె రోగం కాదంటే సంబంధం ఖాయం. తక్కిన సంగతి ఏంజెలిన్ చెప్పిన రోజు హెన్రీ వింటాడు, తనంతట తను అడగడు. అడిగింది తప్పని అమ్మగారి దగ్గరికి సారా తనే వెళ్లి చెప్తుంది, సైమన్ తోడు వెళ్తాడు. వివాహ ప్రకటన ఆగస్టు పద్దెనిమిది ఆదివారం నుంచి, రెండు ఊళ్ల గుళ్లలోనూ. ప్రధానం నాడు ప్రార్థన నేను చేయను. సారా చేస్తుంది.

సారా పదిమందిలో నోరు తెరిచి ప్రార్థించింది ఎన్నడూ లేదు. "నాకు రాదు వదినా. ఎవరెవరి పేర్లు చెప్పాల?" అని అడిగింది.

ఆ ఇద్దరివి చాలన్నాను.